మావాడి సర్టిఫికెట్ వయసు

నాకు రెండు వయసులున్నాయి. ఒకటి మా అమ్మకి తెలిసింది, రెండోది మా ఊరి హెడ్మాస్టరు రాసింది. మా అమ్మ లెక్కలో నేను మా చేలో నుయ్యి తవ్వించిన ఏడు పుట్టాను. హెడ్మాస్టరుకి మా నూతి సంగతి తెలీదు, తెలిసినా పట్టించుకునే మనిషి కాదు. నన్ను బడిలో వెయ్యడానికి వెళ్ళిన మా నాన్నతో, "గుంటడు పొట్టిగానే ఉన్నాడు, మూడేళ్ళు తగ్గించి రాసీతన్నాను, రేపు నౌకరీకి పనికొత్తాది" అన్నాడట. పుట్టినరోజు కింద జులై ఒకటి వేశాడు. మా క్లాసులో సగం మందికి అదే పుట్టినరోజు. ఊరు ఊరంతటికీ ఒక్క పూటలో పురుడు పోసేసిన మహానుభావుడాయన.

అలాంటి హెడ్మాస్టర్లు మా వైపు ఊరికొకరు ఉండేవారు కాబట్టి, స్టీల్ ప్లాంటులో ఏటా జూన్ నెలాఖరుకి పల్లెటూళ్ళ నుంచి వచ్చినవాళ్ళం మందలుగా రిటైరవుతాం. ఆ సాయంత్రం గాజువాకలో పూలదండలు దొరకవు. నేనూ అలాగే రిటైరయ్యాను. రోలింగ్ మిల్లులో క్రేను నడిపిన ముప్ఫై చిల్లర సంవత్సరాల్లో చివరి మూడూ హెడ్మాస్టరు పెట్టిన భిక్ష. అవి దొంగిలించినవని నాకెప్పుడూ అనిపించలేదు. వయసు తగ్గించి రాయించడం మా దృష్టిలో అబద్ధం కాదు, ముందుచూపు.

ఈ పురాణమంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసిన పని ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి కదా. మా కుక్క వయసు నేను ఐదేళ్ళు తగ్గించి టీకా కార్డు మీద రాయించాను. అలా రాయించబట్టే వాడు చచ్చిపోయాడు.

వాడు మాకు దొరికింది ప్లాంటు లోపలే. ఓ మధ్యాహ్నం షిఫ్టు దిగి స్కూటర్ మీద వస్తుంటే, బొగ్గు యార్డు దారిలో ఏదో నల్లటి మూట కదులుతోంది. డంపర్ తగిలి వెనక కాలు విరిగింది. అరవడం లేదు, మూలగడం లేదు, నన్నే చూస్తున్నాడు. నాకు కుక్కల పిచ్చి లేదు. చూసి వెళ్ళిపోదామనే అనుకున్నాను. నలభై గజాలు వెళ్ళిపోయాను కూడా. మళ్ళీ తిరిగొచ్చి గోనెసంచిలో ఎక్కించుకున్నాను.

మా గేటు దగ్గర బోల్టు బయటికి పోవాలన్నా కాగితం ఉండాలి. సంచిలోంచి ముక్కు కనబడగానే సెక్యూరిటీ ఆయన బండి ఆపాడు.

"ఇదేటి?"

"కుక్క సార్. కాలిరిగింది."

"గేట్‌పాస్ ఏది?"

"స్క్రాపు సార్."

"స్క్రాపుకీ గేట్‌పాస్ ఉండాల" అని కాసేపు నిలబెట్టి, నవ్వి పొమ్మన్నాడు.

ఉక్కునగరంలో మా క్వార్టరు వెనక పెరట్లో మా ఆవిడ వాడికి స్నానం చేయించింది. బకెట్ల కొద్దీ నల్లనీళ్ళు కారాక లోపల్నుంచి తెల్లకుక్క బయటపడింది. పశువుల డాక్టరు పళ్ళు చూసి రెండేళ్ళుంటాయన్నాడు. కాలు వంకరగానే అతుక్కుంది. మొదటి వారం వరండాలో, రెండో వారం హాల్లో, ఆ తర్వాత మా ఆవిడ మంచం కింద. అంతే, పదేళ్ళు దాటిపోయాయి. నా షిఫ్టులు మా ఆవిడకన్నా వాడికే బాగా తెలుసు. స్కూటరు వీధి మలుపు తిరగకముందే గేటు దగ్గర ఉండేవాడు.

నా రిటైర్మెంటుకి రెండేళ్ళ ముందు ఒకరోజు నేను గేటు తీసి, బండి స్టాండు వేసి, లోపలికొచ్చి చెప్పులు విప్పినా వాడు పడుకునే ఉన్నాడు. పోయాడేమోనని వంగి చూశాను. పొట్ట కదులుతోంది. పిలిచాను, లేవలేదు. మా ఆవిడ కుక్కరు మూత తెచ్చి పక్కనే కొట్టింది, లేవలేదు. చెవులు పోయాయన్నమాట. మర్నాటికల్లా దానికి ఉపాయం కూడా మా ఆవిడే కనిపెట్టింది. మడమతో నేల మీద రెండుసార్లు తడితే, సిమెంటు నేల కదా, ఆ అదురు తెలిసి లేచేవాడు. లేచి ముందు మమ్మల్ని వెతుక్కునేవాడు, కనబడగానే తోక ఊపేవాడు. మేమిద్దరం ఇంట్లో ఏదో కవాతు చేస్తున్నట్టు తడుతూ తిరిగేవాళ్ళం. పక్క క్వార్టరావిడ ఓసారి "ఏటి వదినా, డాన్సు నేర్చుకుంటన్నారా?" అని అడిగింది.

రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చెయ్యాలి. కొన్నాళ్ళు గడువిస్తారు, అంతే. మేము ముందే దువ్వాడ స్టేషనుకి దగ్గర్లో మూడో అంతస్తులో ఫ్లాటు కొనుక్కున్నాం. లిఫ్టు ఉంది గానీ అది మనుషులకి. కుక్కలు పెంచకూడదని అసోసియేషన్ వాళ్ళు గోడకి రాసి మరీ అంటించారు. మెట్ల మీదుగా తీసుకుపోదామంటే వంకర కాలుతో వాడు రెండు మెట్లెక్కి కూర్చునిపోతాడు. నేను గట్టిగా గొడవ పడి ఉంటే అసోసియేషన్ వాళ్ళు ఒప్పుకునేవారేమో. కొత్తగా వెళ్ళిన చోట మొదటిరోజే తగువెందుకు అనుకున్నాను. ఉన్నమాట చెప్పాలి, నాకు ఆ తగువు పెట్టుకునే ఓపిక లేకపోయింది. జీవితమంతా నోరున్నవాడినని పేరు తెచ్చుకున్నవాణ్ణి, అవసరమైన రోజున నోరు మూసుకున్నాను.

"ఇక్కడే వదిలీండి, సెక్టార్లో ఎవరో ఒకరు పెడతారు" అని సలహా ఇచ్చినవాళ్ళు చాలామంది. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, అందరూ అదే చేశారు. మా సెక్టార్లో ఇప్పుడు సగం క్వార్టర్లు తాళాలు వేసి ఉంటాయి. గోడల మీద రావి మొక్కలు, గుమ్మాల ముందు నడుములెత్తు గడ్డి. ఆ తాళాల ముందు కుక్కలు కూర్చుని ఉంటాయి. ఎవరి గేటు ముందు ఏది కూర్చుందో చూసి ఎవరెవరు రిటైరయ్యారో చెప్పేయొచ్చు. మొదటి నెల ఎవరైనా అన్నం పడేస్తారు. తర్వాత డొక్కలు కుర్చీ పట్టెల్లా తేలి చిక్కిపోతాయి. ఒకరోజు ఉండవు.

"అలగయితే మాత్రం నాను ఒప్పుకోను" అంది మా ఆవిడ. "ఇరిగిన కాలుతో తెచ్చి పెంచి, ఇప్పుడు తాళం కప్ప ముందు కూకోబెడతారా?"

సరే, వాడికో ఇల్లు వెతకడం మొదలుపెట్టాం. సెక్టార్ వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టాం. దండాల బొమ్మలు వచ్చాయి, పగిలిన గుండెల బొమ్మలు వచ్చాయి, కుక్క కావాలని ఒక్కరూ రాయలేదు. సిటీలో కుక్కల షెల్టరు నడిపే ఒకామెకి ఫోన్ చేశాం. ఆవిడ మొహమాటం లేకుండా చెప్పింది: "ముసలివాటిని తీసుకుంటే మేము చావులు చూడ్డం తప్ప చేసేదేం ఉండదండీ. పిల్లలకే చోటు లేదు." నాకు కోపమొచ్చింది గానీ ఆమె మాటలో తప్పేముంది?

చివరికి బీచ్ రోడ్డు వైపు సొంత ఇల్లున్న పెద్దమనిషి ఒకాయన చూడ్డానికి వస్తానన్నాడు. రిటైరైన ఆఫీసరు, మంచి బట్టలు, మంచి మాట. మా ఆవిడ ఉప్మా చేసింది. పెళ్ళిచూపులకి కూడా ఇల్లు అంత సర్దలేదు మేము. మావాడు ఆయన చెయ్యి వాసన చూసి, మోకాలికి తల ఆనించి నిలబడ్డాడు. ఆయన మొహం వెలిగింది. అయిపోయిందనుకున్నాను.

"వయసెంతమ్మా?" అన్నాడు.

"పన్నెండు దాటీసినాయి బాబూ. సెవులు ఇనపడవు. ఆ కాలు సలికాలం బాధెడతాది. మరింకేటీ నేదు, పసిపిల్లాడిలాగ ఉంటాడు" అని మా ఆవిడ గంగాళంలా కుమ్మరించింది.

ఆయన ఉప్మా తిన్నాడు. టీ తాగాడు. ఇంట్లో అడిగి చెబుతానన్నాడు. మావాడు గేటు దాకా సాగనంపాడు. ఆయన మరి ఫోన్ ఎత్తలేదు.

ఆ రాత్రి మా ఆవిడని తిట్టాను. వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు, నీకేమో ఒక్క నిజం కడుపులో దాగదు అన్నాను. ఆవిడ దుప్పటి కప్పుకుని, మంచం కిందకి చెయ్యి వేలాడేసి, వాడి తల నిమురుతూ పడుకుంది.

మర్నాడే నేను వాణ్ణి ఆటోలో ఎక్కించుకుని, గాజువాకలో మా ముఖం ఎరగని ఒక కుక్కల క్లినిక్‌కి తీసుకెళ్ళాను. పిచ్చికుక్క టీకా వేయించాలి, కొత్త కార్డు కావాలి అన్నాను. కంపౌండరు తలెత్తకుండానే అడిగాడు, వయసెంత అని. ఏడు అన్నాను. ఏడు అని రాశాడు. అంత సులువు. డాక్టరు మాత్రం మూతి తెరిచి చూసి, "పళ్ళు బాగా అరిగాయే" అన్నాడు. "రాళ్ళు కొరుకుతాడు సార్, చిన్నప్పట్నించీ అదే పాడలవాటు" అన్నాను. ఆయన నవ్వి సంతకం చేశాడు. తెల్లకుక్క కావడం వల్ల నెరిసిన మూతి ఎవరికీ కనబడలేదు. నా జుట్టుకి నేను పదేళ్ళుగా రంగేస్తున్నాను, వాడికి ఆ ఖర్మ కూడా పట్టలేదు.

కార్డు జేబులో పెట్టుకుని బయటికొస్తుంటే నాకు గర్వంగా అనిపించింది. సిగ్గుపడ్డానని రాస్తే బాగుండేది గానీ అది అబద్ధమవుతుంది. మా హెడ్మాస్టరు నాకు చేసిన మేలు నేను వాడికి చేశాననుకున్నాను.

ఇల్లు కుదిర్చింది మా మిల్లులో వెల్డింగ్ చేసే కాంట్రాక్టు మనిషి. మా ఊరి పక్క ఊరివాడు, నన్ను బావా అంటాడు, మా వైపు మగాళ్ళందరూ ఒకరికొకరు బావలే. వాడికి తెలిసిన వాళ్ళు రుషికొండ అవతల సముద్రం ఒడ్డు పల్లెలో ఉన్నారు, చేపల వేటే వాళ్ళ బతుకు. అన్నదమ్ముల్లో ఇద్దరు వేటకెళతారు, పెద్దవాడు ట్రాలీ ఆటోలో సరుకు హార్బర్‌కీ, బజార్లకీ తోలతాడు. ఇంటి ముందు ఇసుకలో చేపలు ఎండబెడతారు. కాకులూ, ఊరకుక్కలూ పడకుండా కాపలాకి వాళ్ళకో కుక్క కావాలి. పాత కుక్క పాము కరిచి పోయిందట.

కాపలా కుక్క. ఆ మాట వినగానే ఆగిపోవాల్సింది. చెవులు లేని కుక్క దేనికి కాపలా కాస్తుంది? కానీ గడువు దగ్గరికొచ్చేసింది, కార్డు మీద ఏడు అని ఉంది, ఊరకుక్కల్ని చూసైనా మొరుగుతాడులే అనుకున్నాను. సముద్రపు గాలి, చేప ముక్కలు, ఇసుక. ఇంతకన్నా ఏం కావాలి అని నాకు నేనే చెప్పుకున్నాను.

తీసుకెళ్ళే రోజు మా ఆవిడ తనూ వస్తానంది. వద్దన్నాను. వస్తే మళ్ళీ గంగాళం కుమ్మరిస్తుందని నా భయం. వాడి స్టీలు పళ్ళెం, పాత చీర మడత, కాలు నొప్పికి రాసే నూనె సీసా సంచిలో పెట్టింది. వంగి వాడి మొహం రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూసింది. వాడు ఎప్పట్లాగే నాకాడు.

"నేల తట్టి లేపాలని సెప్పండి. మర్సిపోకండి. అదొక్కటీ సెప్పండి సాలు" అంది.

"చెప్తాలే" అన్నాను.

గాజువాక, పోర్టు రోడ్డు, తర్వాత బీచ్ రోడ్డు, ఊరు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆటోలో వాడు నా ఒళ్ళో తల పెట్టుకుని వచ్చాడు. పోర్టు దగ్గర బొగ్గు వాసనకి మాత్రం ఒకసారి తల ఎత్తాడు. డ్రైవరు "వాంతొస్తోందా సార్?" అన్నాడు, కుక్కకేమో అనుకుని. నాకే అన్నాను.

ఆ ఇంటి పెద్దవాడికి ముప్ఫై అయిదేళ్ళుంటాయి. బనీను, లుంగీ, ఎండకి మాడిన మొహం. కుక్కని చూడగానే ఇసుకలో గొంతుక్కూర్చుని చేతులు చాపాడు. మావాడు వెళ్ళి చేపల వాసనొచ్చే ఆ చేతుల్ని తెగ నాకాడు. అతను పిల్లాడిలా నవ్వాడు.

"మంచోడే సారూ. ఎన్నేళ్ళేటి?"

కార్డు తీసి ఇచ్చాను. నోటితో చెప్పలేదు, కార్డు చేతే చెప్పించాను. అతను వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుకుని, "ఏడా! అయితే ఇంకో అయిదారేళ్ళు మాకాడే" అన్నాడు. భార్యని పిలిచి చూపించాడు. నాకు ఉప్పుచేప కూర, అన్నం పెట్టారు. తినేసరికి సారూ పోయి బాబాయ్ అయ్యాను. "దిగులెట్టుకోకు బాబాయ్, నా బిడ్డలాగ సూసుకుంతాను. నువ్వెప్పుడొచ్చినా రా" అన్నాడు. ఆ మాట మనసులోంచే అన్నాడని ఇప్పటికీ నమ్ముతాను.

నేల తట్టే సంగతి నోటిదాకా వచ్చింది. చెబితే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెబితే కార్డు చిరుగుతుంది. అయినా అది ఇసుక, సిమెంటు నేల కాదు, తట్టినా వాడికి తెలీదు అని ఒక సాకు వెతుక్కున్నాను. మావాడు నిద్రపోతుండగా లేచి వచ్చేశాను. లేపకుండా రావడం నాకు ఎంత తేలికో ఆ రోజు తెలిసింది.

ఇంటికి రాగానే మా ఆవిడ గుమ్మంలోనే అడిగింది. "సెప్పినారా?"

"సెప్పాను" అన్నాను.

నెల్లాళ్ళకి దువ్వాడ ఫ్లాటుకి మారాం. మారిన వారానికి ఒక్కణ్ణే చూడ్డానికి వెళ్ళాను. మావాడు చిక్కాడు గానీ మరీ అంత కాదు. నేను గాలికి ఎదురుగా నిలబడ్డానేమో, దగ్గరికి వెళ్ళి ముట్టుకునేదాకా తెలియలేదు. తెలిశాక వాడు చేసిన గొడవ చూడలేకపోయాను. మూలుగుతూ నా చుట్టూ తిరిగాడు, వంకర కాలు ఇసుకలో దిగబడి రెండుసార్లు పడ్డాడు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

అతను ఆటో కడుగుతూ అన్నాడు, "మంచోడే గానీ బాబాయ్, పొగరెక్కువ. ఎంత పిలిసినా పలకడు. పక్కనే కాకులు సేపలెత్తుకుపోతంటే పడుకునే ఉంటాడు. ఏడేళ్ళ కుక్కకి ఇంత బద్దకమేటి?"

అది రెండో అవకాశం. చెవుడు అన్న మూడక్షరాలు చాలు. వాణ్ణి వెనక్కి పంపించేస్తాడేమో, పంపిస్తే ఎక్కడ పెట్టుకోను అన్నదే నా బుర్ర నిండా తిరిగింది. "కొత్త కదా, అలవాటు పడాల. బెంగెట్టుకున్నాడు" అన్నాను. అతను తలూపాడు. నా మాట మీద అతనికి గౌరవం. అంత పెద్ద ప్లాంటులో అన్నేళ్ళు పనిచేసినవాణ్ణి కదా.

తర్వాత వెళ్ళలేదు. ప్రతి ఆదివారం వెళదామనుకునేవాణ్ణి, ఏదో పని కల్పించుకునేవాణ్ణి. మా ఆవిడ ఫ్లాటులో కూడా అప్పుడప్పుడు మరిచిపోయి మడమతో నేల తట్టేది. కింది ఫ్లాటువాళ్ళు ఒకసారి వచ్చి, ఏంటండీ ఆ చప్పుడు అని అడిగి వెళ్ళారు.

ఫోన్ ఒక మధ్యాహ్నం వచ్చింది, మేము అన్నాలు తింటుండగా. అవతల అతను ఏడుస్తున్నాడు. ముందు అర్థం కాలేదు.

"సంపీసినాను బాబాయ్. నా సేత్తోనే సంపీసినాను."

ఎండ బాగా కాస్తోందట. మావాడూ, ఇంకో రెండు ఊరకుక్కలూ ఆటో కింద నీడలో పడుకున్నాయి. అతనికి అలవాటే, బండి తీసేముందు గట్టిగా హారన్ కొట్టి కాసేపు ఆగుతాడు, కుక్కలు లేచి పక్కకి పోతాయి. ఆ రోజూ కొట్టాడు. ఆగాడు. రెండు కుక్కలు బయటికొచ్చి ఒళ్ళు దులుపుకోవడం అద్దంలో చూశాడు. మూడోది ఎప్పుడో పోయుంటుందనుకుని వెనక్కి తీశాడు. ఆటోలో వేసుకుని డాక్టరు దగ్గరికి బయల్దేరాడు గానీ మావాడు సగం దారిలోనే పోయాడట.

"హారన్ కొట్టినాను బాబాయ్, ఒట్టు. రెండుపాల్లు కొట్టినాను" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు.

నేను ఫోన్ పెట్టేసేసరికి మా ఆవిడ చెయ్యి కంచంలోనే ఆగి ఉంది. అంతా వినబడింది ఆవిడకి.

"ఆటో కింద నిద్దరోతంటే హారన్ కొట్టడమేటి? సెప్పినారు కదా, ఇనపడదని?"

నేను చెయ్యి కడుక్కుని చొక్కా తొడుక్కున్నాను. ఆవిడ నా మొహం కేసి చూసింది. ఈసారి వస్తాననలేదు. ఈ మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేశాను, ఆవిడ అలా చూడ్డం అదే మొదటిసారి.

నేను వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. ఇళ్ళ వెనక సరుగుడు తోటలో అతను గొయ్యి తవ్వి ఉంచాడు. నాకోసం ఆపాడు. మావాణ్ణి మా ఆవిడ ఇచ్చిన పాత చీరలోనే చుట్టారు. మొహం మాత్రం కనబడుతోంది. దెబ్బేమీ లేదు మొహం మీద. నిద్రపోతున్నట్టే ఉన్నాడు, అందుకే ఎక్కువసేపు చూడలేకపోయాను. ఇద్దరం కలిసి దింపాం. అతను పారతో ఇసుక లాగుతూ మధ్యమధ్య భుజంతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. మధ్యాహ్నం నుంచీ అన్నం ముట్టలేదని వాళ్ళావిడ చెప్పి వెళ్ళింది. సముద్రం మీద బతికేవాళ్ళం, నోరులేని జీవాన్ని చంపుకున్నాం, గంగమ్మ క్షమించదు అంటున్నాడు.

అతని ఏడుపు నేను భరించలేకపోయాను. చెయ్యని తప్పుకి ఒక మనిషి అలా కుమిలిపోతుంటే చూస్తూ ఎలా ఊరుకుంటాం? ఇప్పుడైనా నిజం చెబితే ఆ బరువు అతని మీంచి దిగి నా మీద పడుతుంది, పడాలి కూడా అనుకున్నాను. జన్మలో ఒక్క మంచి పని చెయ్యబోతున్నానని కూడా అనుకున్నానేమో, దేవుడికి తెలియాలి.

"నీ తప్పు నేదు నాయినా" అన్నాను. "వాడికి ఏడేళ్ళు కాదు, పన్నెండు దాటీసినాయి. రెండేళ్ళ నుంచీ సెవులు ఇనపడవు. నువ్వెన్ని హారన్లు కొట్టినా వాడికి తెలీదు. కార్డు మీద వయసు నానే అబద్ధం రాయించాను. అన్నీ తెలిసే నీకు సెప్పనేదు. వాణ్ణి సంపింది నాను, నువ్వు కాదు."

అతను పార ఆపాడు. చొక్కా పట్టుకుంటాడనుకున్నాను. పట్టుకుంటే బాగుండుననుకున్నాను. తిడతాడని, ఉమ్మేస్తాడని, దేనికైనా సిద్ధంగానే నిలబడ్డాను.

"ఇనపడదా?" అన్నాడు.

"ఇనపడదు."

"మొదట్నించీనా? ఇక్కడికి తెచ్చినప్పట్నించీనా?"

"ఆఁ."

అతను గోతి పక్కన ఇసుకలో కూలబడిపోయాడు. తన కుడిచెయ్యి కేసి చూసుకున్నాడు. ఏడుపు ఆగిపోయింది. మాట మాత్రం మెల్లగా వచ్చింది.

"పిలిత్తే రాడని కొట్టినాను సారూ. పొగరనుకున్నాను. వల తాడుతోటి కొట్టినాను. ఒకపాలి కాదు, సానా పాల్లు. పొగరు దిగాలని రెండ్రోజులు కూడెట్టనేదు. కొడతంటే పారిపోయీవోడు కాదు. నా మొహమే సూసీవోడు, ఏటి సేసినానురా అన్నట్టు."

ఏదో ఒకటి అనాలని అతని భుజం మీద చెయ్యి వెయ్యబోయాను. అతను పక్కకి జరిగాడు.

"బండి కింద పడీపోనాడంటే నా కర్మ అనుకుందును. ఓ నెల ఏడిసి ఊరుకుందును. ఇది ఇంక ఎలగ మర్సిపోతాను?" అని తలెత్తి నన్ను చూశాడు. "ఇప్పుడెందుకు సెప్పినారు సారూ?"

అతను లేవలేదు. పార తీసుకుని మిగిలిన ఇసుకంతా నేనే లాగాను.